మిల్లు ఇసుకలో కలబంద

కలబందకు నీళ్ళు పోసే ముందు కుండీలో వేలు దించి చూడాలి. రెండు కణుపుల లోతు వరకు పొడిగా ఉంటేనే పోయాలి. చల్లగా తగిలితే ఇంకా ఆగాలి. నేను బడికి పోయి నేర్చుకున్నది ఏమీ లేదు. చిన్నప్పుడు నాకు కాలు బాగుండేది కాదు, బడికి పోవాలంటే వాగు దాటాలి, అందుకని మా నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. మా ఊరు గౌనిపల్లిలో వాగు ఇసుకను జల్లెడ పట్టి, నట్టింట్లో పలుచగా పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేవాడు. అందువల్ల నా చూపుడువేలికి ఇసుక సంగతి బాగా తెలుసు. ఈ వేసవిలో మా ఇంట్లో జరిగినదంతా ఆ వేలితోనే మొదలైంది.

మేముండేది కోలార్ బంగారు గనుల దగ్గర, కోరమండల్ అనే చోట, గని వాళ్ళు కట్టిన పాత లైన్ ఇంట్లో. రెండు గదులు, ముందు ఇరుకు వరండా, తూర్పున ఒక కిటికీ. మా ఆయన తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక వస్తారు. పగలంతా ఇంట్లో నేను, అత్తగారు, మామగారు. మామగారు గని నడిచినన్నాళ్ళూ మిల్లులో పనిచేశారు. లోపలి నుంచి వచ్చిన రాయిని పిండి చేసి, సైనైడ్ కలిపిన మందు నీళ్ళలో నానబెట్టి బంగారం తీసే చోటది. బంగారం పోగా మిగిలిన పిండిని బయట పోస్తూ పోతే అవే గుట్టలయ్యాయి. ఇక్కడ అందరూ వాటిని సైనైడ్ దిబ్బలనే పిలుస్తారు. అంత పేరు పెట్టుకుని కూడా ఎవరూ వాటికి భయపడరు. గాలి తిరిగినప్పుడు ఆ దుమ్ము ఆరేసిన బట్టల మీద పడుతుంది. దులుపుకుని మడతపెడతాం.

కలబంద మా అమ్మ ఇచ్చిన పిలక. లైన్ ఇంటికి పెరడు లేదు కాబట్టి పాత పెయింటు బకెట్టుకు అడుగున చిల్లులు పొడిచి, అందులో నాటి, తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. దానికి పొద్దుటి ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండ పడితే ఆకులు ఇటుక రంగుకు తిరుగుతాయి. అత్తగారు దాన్ని కన్నడంలో లోళెసర అంటారు. ఆమెకు ఎప్పటినుంచో కడుపులో మంట. వేసవి వచ్చిందంటే రోజూ పరగడుపున వేలెడు ముక్క ఉండాల్సిందే. అడుగు ఆకు కోసి, గ్లాసులో నిలబెట్టి, పచ్చటి జిగురంతా కారనిచ్చి, తోలు తీసి, గుజ్జును నీళ్ళు మార్చి మార్చి కడిగి, చిన్న బెల్లం ముక్కతో ఇచ్చేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని మింగి, దేవుడి పటం వైపు చేతులు జోడించేవారు. మందు కంటే ఎక్కువ నమ్మకం ఆ ముక్క మీద.

ఈ ఏడు మొక్క జబ్బుపడింది. అడుగు ఆకులు మెత్తబడి, నీరుగారి, కాడ దగ్గర గోధుమరంగు తిరిగాయి. బకెట్టులో ఉన్నది చెరువు మట్టి, నీళ్ళు వదలని మట్టి. దానికి తోడు, కలశం నీళ్ళు కాళ్ళ కింద పడకూడదని అత్తగారు రోజూ ఆ బకెట్టులోనే పోసేవారు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. కోలార్ దగ్గర తమక అనే ఊళ్ళో రోడ్డు పక్కన నర్సరీ నడిపే ఆమెను అడిగితే, సగానికి సగం ఇసుక కలిపితే తప్ప బతకదనీ, మట్టి మార్చాక కొన్నాళ్ళు చుక్క నీరు పోయవద్దనీ చెప్పింది. ఆ మాటే ఇంట్లో అన్నం తింటూ అందరి ముందూ చెప్పాను. అంతలో మా అమ్మకు కంటి ఆపరేషన్ అంటే గౌనిపల్లికి పోయాను.

తిరిగి వచ్చేసరికి మామగారు వరండాలో నా కోసమే నిలబడి ఉన్నారు. సంచి కూడా దించనివ్వకుండా కిటికీ దగ్గరికి పిలిచారు. మొక్క నిటారుగా నిలబడి ఉంది. కుళ్ళిన ఆకులు తీసేసి, వేర్లు శుభ్రం చేసి, కొత్త ఇసుకలో పెట్టారట. పైన నున్నటి గులకరాళ్ళు వరుసగా పేర్చారు.

"నువ్వు ఇసుక కావాలంటివి గదమ్మా, చూడు. ఇంత నైసు ఇసుక యాడా దొరకదు. ఒక రాయి లేదు, ఒక పురుగు లేదు."

ఎక్కడో కొత్త ఇల్లు కట్టే చోట అడిగి తెచ్చారనుకున్నాను. చాలా బాగుండాది మామా అన్నాను. ఆయన ముఖం వెలిగింది. గని మూతపడ్డాక ఆయనను ఏదైనా తెచ్చిపెట్టమని ఇంట్లో అడిగినవాళ్ళం కాదు. నేను అడగకపోయినా అడిగినట్టే తీసుకుని చేశారు. ఆ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఇలాంటి పెద్ద దిక్కునిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

నర్సరీ ఆమె చెప్పినట్టే నీళ్ళు పోయలేదు, గులకరాళ్ళు కదపలేదు. మొక్క కోలుకుంది. నేను లేనప్పుడు మామగారు కోసి ఇచ్చిన ముక్కను, నేను వచ్చాక నేనిచ్చిన ముక్కను అత్తగారు ఒక్క రోజూ మానకుండా తిన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం గాలితో పెద్ద వాన వచ్చింది. జల్లు కిటికీలోంచి నేరుగా బకెట్టు మీద కొట్టింది. మర్నాడు పొద్దున చూస్తే గులకరాళ్ళు పక్కకు జరిగి, ఇసుక పైన తెల్లటి పొర కట్టి, నెర్రెలు బారి ఉంది. ఎంత తడిసిందో చూద్దామని వేలు దించాను.

ఇసుక గరుకుగా ఉంటుంది. గింజలు గింజలుగా వేలిని గీరుతుంది. ఇది గీరలేదు. రాగిపిండి సంగటిలో వేలు పెట్టినట్టు మెత్తగా జారింది. బయటికి తీస్తే వేలి గీతల్లోకి దిగి అతుక్కుంది. చీర కొంగుకు తుడుచుకున్నాను. ఆరగానే కొంగు మీద బూడిద తెలుపు మరక మిగిలింది. ఆ మరక నాకు తెలుసు. గాలి తిరిగిన రోజుల్లో దండెం మీది బట్టల నుంచి దులిపేది దాన్నే.

నా వెనక అత్తగారు కత్తి, గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆకు తానే కోసుకుంటానన్నారు.

"ఈ పొద్దు ఏకాదశి అత్తా. ఆకు కోయకూడదు."

"ఆ నేమం తులసికి గదా. దీనికెప్పటి నించి?"

"మా అమ్మోళ్ళింట్లో దీనికీ ఉండాది."

ఏకాదశి నిజమే. మిగతాది అబద్ధం. ఆమె నన్ను ఒకసారి వింతగా చూసి, కత్తి తీసుకుని లోపలికి పోయారు. దేవుడి పేరు అడ్డం పెట్టి ఒక్క పూట సంపాదించాను. రేపు ద్వాదశి. రేపు ఏం చెప్పాలి? అంతకంటే, ఇన్నాళ్ళు తిన్నదాన్ని ఏం చేయాలి? పటం ముందు నిలబడితే మంత్రం గుర్తుకు రాలేదు. ఆమెకు ఏమీ కాకూడదు అని మాత్రం అనుకుంటూ ఉన్నాను.

ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. ముందు నాన్నను అడుగు, అవునో కాదో తెలియకుండా అమ్మను భయపెట్టవద్దు అన్నారు. ఆ మాట సరైనదే. కానీ అడగడమే కష్టం. మీరు ప్రేమగా తెచ్చింది విషమా అని మామగారిని ఒక కోడలు ఎలా అడుగుతుంది? మధ్యాహ్నం దాకా గిన్నెలు తోమినవే తోమాను.

మామగారు వరండాలో కూర్చుని, మా పుట్టింటి వాళ్ళు పంపిన మామిడికాయలను గడ్డిలో పేరుస్తున్నారు. పక్కన కూర్చుని కాయలు అందిస్తూ అడిగాను.

"మామా, బకెట్లో ఇసుక యాడిది?"

"మనదే," అన్నారు తల ఎత్తకుండా.

"మనది అంటే?"

"మిల్లు ఇసుకమ్మా. దిబ్బ కాడిది."

ఆయన దాచలేదు. దాచాలన్న ఆలోచనే ఆయనకు లేదు. వాగు ఇసుకలో రాళ్ళుంటాయట, కట్టడాల ఇసుకలో సున్నం, సిమెంటు కలిసి ఉంటాయట. ఇదైతే తాము పిండి చేసి, కడిగి, వడగట్టిన రాయి. ఇంతకంటే శుభ్రమైన ఇసుక లోకంలో ఉండదు. పైపైన దుమ్ము ఉంటుందని ఒక మూరెడు తవ్వి, లోపలిది తెచ్చారట. మోకాళ్ళ నొప్పులతో, దగ్గుతో, ఎండలో అంత దూరం నడిచి.

"అత్త రోజూ ఆ మొక్కనే తింటా ఉండాది మామా."

ఆయన చేతిలో మామిడికాయ అలాగే ఉండిపోయింది.

"ఆకు తింటాది. ఇసుక తింటాదా?"

"ఆ ఇసుకలో నీళ్ళే గదా ఆకులోకి పోయేది."

"నీ మొగుడు ఆ దిబ్బ మీద అట్టముక్క ఏసుకొని జారినోడే. వానికేమైంది? సుమ్నె, ఊరికే బేజారు చేసుకోవద్దు," అన్నారు. కానీ గొంతు తగ్గింది.

నేను ఆ ఒక్క మాట అనకుండా ఉండలేకపోయాను. "ఆడ గడ్డి కూడా సరిగా మొలవదు గదా మామా."

గుమ్మంలో చప్పుడైతే తిరిగి చూశాం. అత్తగారు. ఎప్పటినుంచి నిలబడి ఉన్నారో తెలియదు.

"మిల్లు మూసినారు గానీ అది నన్ను ఇడిసిపెట్లేదు," అన్నారు మామగారితో. "ఇన్నేండ్లు నీ బట్టల్లో దాన్ని ఉతికినాను. ఇంగ తినిపించేది ఒకటి తక్కువైందా?"

నవ్వుతూనే అన్నారు. కానీ ఆమె అరచెయ్యి కడుపు మీద ఉంది.

ఆ సాయంత్రమే పేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. మామగారు రానన్నారు. డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. ఎన్నాళ్ళుగా తిన్నారు, ఎంత తిన్నారు, కళ్ళు తిరుగుతున్నాయా, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగింది. ఆ ఇసుకలో రకరకాలు ఉండొచ్చు, ఆకులోకి ఎంత ఎక్కుతుందో నేను చెప్పలేను, రక్తం, మూత్రం కోలార్ ల్యాబుకు పంపిద్దాం అంది. ఫలితం వచ్చేదాకా వాంతులైనా, కడుపునొప్పి ఎక్కువైనా వెంటనే రమ్మంది. ఆ మొక్కను ఉత్త చేతులతో తాకవద్దని నాకు చెప్పింది.

మర్నాడు చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని బకెట్టు వంచాను. ఇసుకంతా గోనెసంచిలోకి తీశాను. కలబందను వేర్లతో సహా తొట్టిలో కడిగి, ఆ నీళ్ళు మోరీలో పోయడానికి భయమేసి సంచిలోనే ఒంపాను. సంచి ఎక్కడ పారేయాలో తోచలేదు. రాత్రి అన్నం ముట్టని మామగారు అప్పుడు లేచి వచ్చారు. యాడ తెచ్చినానో ఆడనే పోసి వస్తాను అని సంచి భుజానికెత్తుకున్నారు. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ వెంట నడిచాను.

దిబ్బ దగ్గర వాన నీళ్ళు కోసిన చాళ్ళు పైనుంచి కింది దాకా ఉన్నాయి. ఎండకు కళ్ళు చెదిరే తెలుపు. ఆయన తవ్విన గుంత ఇంకా అలాగే ఉంది. సంచి అందులో బోర్లించి, దులిపి, మడిచి చంకలో పెట్టుకున్నారు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా నడుం వంచి నిలబడ్డారు.

"ముప్పై ఏండ్లు నేను దీన్ని పీల్చినానమ్మా," అన్నారు దిబ్బను చూస్తూ. "నాకెవరూ రక్తం తీసి చూడలేదు. అందుకే మంచిదే అనుకుంటి."

ఇంటికి నడిచేటప్పుడు, రేపు మీ రక్తం కూడా ఇద్దాం మామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. మర్నాడు డాక్టరమ్మ దగ్గర చెయ్యి చాపి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఫలితం వచ్చేదాకా గడిచిన రోజులు నేను మరచిపోలేను. అత్తగారు దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. ఆమె నీళ్ళు తాగితే ఎన్ని గుక్కలు తాగారో చూసేదాన్ని. మామగారు వరండాలో కూర్చోవడం మానేసి, వంటింటి గుమ్మం దగ్గర, ఆమె కనిపించే చోట కూర్చునేవారు. ఆమె లేస్తే లేస్తారు. చివరికి అత్తగారికే విసుగొచ్చి, నేను పోయేదాకా ఆడనే కూచోనుంటావా, పోయి పేపర్ చదువుకో అని కసిరారు.

ఒక పొద్దున ఆమె వాంతి చేసుకున్నారు. మామగారు గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఆటో పిలవడానికి చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. గడ్డిలో మాగేసిన కాయల్లో ఇంకా పండనివి రెండు తీసి, ఉప్పూకారంతో రాత్రే తిన్నానని మెల్లగా ఒప్పుకున్నారు. కోపం రావాల్సింది. నేను ఏడ్చాను. అయినా ఆటో పిలిచి డాక్టరమ్మకు చూపించే తెచ్చాను. మామిడికాయ వల్లే అయ్యుంటుందంది, కానీ కాగితం రానిద్దాం అంది.

ఆ రోజుల్లోనే కలబంద సంగతి కూడా తేల్చాల్సి వచ్చింది. పారేయమన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. దాని తప్పు ఏముంది, మనం పెట్టిన చోట పెరిగింది. నర్సరీ ఆమెకు ఫోన్ చేసి అడిగితే, కడిగిన వేర్లు ఎలాగూ నీడలో బాగా ఆరాలి, మట్టి లేకుండానే చాలా రోజులుంటుంది అంది. మా పుట్టింట్లో దిష్టికి కలబందను గుమ్మానికి తలకిందులుగా కడతారు. అదీ మట్టి లేకుండానే పచ్చగా ఉంటుంది. వేర్లకు పసుపు దారం చుట్టి మా గుమ్మానికి అలాగే కట్టాను. వచ్చేపోయే ఇరుగుపొరుగు తమిళంలో ఎవరి దిష్టి తగిలిందని అడిగేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. లోపలికి వచ్చేటప్పుడల్లా దాని కొనలు నా తలకు తగిలేవి. తగిలినప్పుడల్లా అమ్మా, ఆమెను కాపాడు అనుకునేదాన్ని.

కోలార్‌లో కాగితాలు తీసుకున్న రోజు నేనొక్కదాన్నే పోయాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ ఆ లెక్కల అర్థం నాకు తెలియదు. కవరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరిగొస్తున్నంతసేపు దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ మొదటి కాగితం చదివి పక్కన పెట్టింది. రెండోది చదివింది. మీ అత్తగారికి ఏమీ లేదమ్మా, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, వానలు పోయాక ఇంకోసారి చూద్దాం అంది. మామగారి రక్తంలోనూ ఏమీ లేదు. ఛాతీ మాత్రం ఫోటో తీయించాలంది. అది తీయించాం. దానికి మందులు నడుస్తున్నాయి.

తర్వాతి శుక్రవారం మళ్ళీ కోలార్ పోయి కోలారమ్మ గుడిలో దీపం పెట్టాను. ఆమెను కాపాడినందుకు పెట్టాను. ఆ వాన సరిగ్గా మా కిటికీలోంచి కొట్టినందుకు పెట్టాను. వాగు ఇసుకలో నా వేలు పట్టుకుని తిప్పిన మా నాయనకూ ఒక వత్తి వేశాను.

ఇంటికొస్తే మామగారు లేరు. పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో పోయారని అత్తగారు కంగారుగా ఉన్నారు. ఫోను ఇంట్లోనే పెట్టి పోయారు. మళ్ళీ ఆ దిబ్బ దగ్గరికే పోయారేమో అనుకున్నాను. పొద్దు వాలే వేళకు ఆటో వచ్చి ఆగింది. మామగారు దిగి, బరువైన మూట ఒకటి వరండాలో దించి, ఆయాసం తీర్చుకుంటూ కూర్చున్నారు. నీళ్ళిచ్చాను. తాగారు. మూట ముడి విప్పి నా ముందుకు జరిపారు. ఎర్రమట్టి, దానిలో కలిపిన గరుకు ఇసుక.

నేను గుమ్మానికి కట్టిన మొక్క వైపు చూశాను. వేర్లు ఎండిపోయి, మధ్యలో మాత్రం కొత్త ఆకు ఒకటి పైకి తిరగాలని వంకరగా లేస్తోంది.

"అడగవేమమ్మా?" అన్నారు.

"ఏమి మామా?"

"ఇది యాడిదని అడుగు."

అడిగాను. గౌనిపల్లిలో మా అమ్మోళ్ళ రాగి చేను మట్టి. గట్టు పక్కన తూర్పు మూల తవ్వింది. ఇసుక ఆ ఊరి వాగుది. మా అమ్మ కంటికి నల్లద్దాలు పెట్టుకుని దగ్గర నిలబడి, ఇక్కడ తవ్వు, అక్కడ తవ్వు అని చూపించిందట. బస్సులో కండక్టరు మూట ఎక్కించుకోనంటే, ఇది మందు మట్టి అని చెప్పి ఒప్పించారట. ఒక్కొక్కటీ నిదానంగా, నేను వింటున్నానా లేదా అని చూస్తూ చెప్పారు.

నేను వేలు దించాను. గరుకుగా గీరింది.

"ఇంగ దాంట్లో పెట్టి, నాకెప్పుడు కోసిస్తారు?" అని లోపలి నుంచి అత్తగారు అడిగారు.

"నీకు కోసేది లేదు," అన్నారు మామగారు. "దాన్ని చూసుకొని మజ్జిగ తాగు."